సాయంత్రానికి ఒక్క వస్తువు: కర్నూలులో మ్యూజియం ప్రసంగాలపై కేస్ స్టడీ

జిల్లా మ్యూజియంలో ప్రసంగం అంటే మన దగ్గర పాతుకుపోయిన పద్ధతి ఒకటుంది. జ్యోతి ప్రజ్వలన, వేదిక మీద ఏడెనిమిది మంది, ఒక్కొక్కరికీ శాలువా, ఒక్కొక్కరి నుంచీ రెండు ముక్కలు. అసలు వక్త మైకు అందుకునేసరికి ముప్పావుగంట గడిచిపోతుంది. ఆ తర్వాత ‘రాయలసీమ చరిత్ర, సంస్కృతి’ పేరుతో ఆదిమానవుడి నుంచి కంపెనీ దొరల దాకా ఎనభై స్లైడ్లు. పక్క గదిలో శిల్పాలు చీకట్లోనే ఉంటాయి, వచ్చినవాళ్లు తెర చూసి వెళ్లిపోతారు. ఫొటోలు చూడటానికైతే మ్యూజియం దాకా రావాల్సిన పనే లేదు.

కర్నూలులోని ఒక చిన్న మ్యూజియం ఈ పద్ధతి పక్కన పెట్టి, చలికాలంలో నాలుగు ఆదివారాలు నాలుగు ప్రసంగాలు నడిపింది. నియమం ఒకటే: సాయంత్రానికి ఒక్క వస్తువు. మొదటి వారం ఎర్రగుడి అశోక శాసనం, రెండో వారం వీరగల్లు (పోరులో పడిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన చెక్కడపు రాయి), మూడో వారం తోలుబొమ్మ, నాలుగో వారం చెంచుల పనిముట్లు. వేదిక లేదు. పాలకవర్గం పట్టుబట్టడంతో శాలువాలు మిగిలాయి, కానీ కార్యక్రమం మొదట్నుంచి చివరకు మారాయి. చివర్లో సన్మానాలు వాటంతట అవే పొట్టివవుతాయి, జనం లేచి నిలబడి ఉంటారు కాబట్టి.

హాలు, మనుషులు, వేళ

నాలుగు అడుగుల రాతిని పది అడుగుల దూరం నుంచి చూస్తే రాయే కనిపిస్తుంది తప్ప చెక్కడం కనిపించదు. దాని చుట్టూ పదిహేను మందికి మించి నిలబడితే వెనక వరసకు వీపులే దక్కుతాయి. అందుకే పేరు నమోదు 45 మందికే పరిమితం చేసి, పదిహేను మంది చొప్పున మూడు జట్లు వేశారు. ఒక జట్టు రాతి దగ్గర, ఒకటి చేతిపని బల్ల దగ్గర, ఒకటి పటాలు, మ్యాపుల దగ్గర ఉంటుంది. ఇరవై నిమిషాలకోసారి గంట కొట్టి మారుస్తారు. ఇందులో దెబ్బతినేది మూడో జట్టు. ఒకే వక్త అదే మాట మూడోసారి చెప్పేటప్పుడు గొంతు తగ్గుతుంది, రుచికరమైన వివరాలు రాలిపోతాయి, ‘ఇందాక చెప్పాను కదా’ అని ఎవరికో చెప్పింది వీళ్లకు అంటగడతాడు. రాతి దగ్గర ఇద్దరు వక్తలు వంతులవారీగా నిలబడితేనే ఈ లోపం పోతుంది.

మొదలు సాయంత్రం ఆరుంబావుకు. డిసెంబరు, జనవరిల్లో అప్పటికి పొద్దు గూకి ఉంటుంది కాబట్టి కిటికీలకు నల్లగుడ్డ కట్టే పని తప్పుతుంది. బోడి గోడల సిమెంటు హాల్లో మాట మోగుతుంది. నేల మీద జంపఖానాలు పరిచి, రెండు గోడలకు రెండు వేలాడదీస్తే చాలావరకు తగ్గుతుంది. ముందు ఒక పెద్ద స్పీకరు పెట్టడం కంటే రెండు చిన్నవి జనానికి దగ్గరగా, తక్కువ శబ్దంలో పెట్టడం నయం. చేతిమైకు మాత్రం వద్దు. వక్త ఒక చేత్తో టార్చి పట్టాలి, రెండో చేత్తో చూపించాలి. చొక్కాకు తగిలించే మైకే కావాలి. కర్నూలు పాతబస్తీ నుంచి వచ్చే పెద్దవాళ్లలో ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్లు చాలామంది. జట్టుకొకరు ఉర్దూలో చెప్పగలిగే వాలంటీరు ఉండాలి.

ఎర్రగుడి: గుట్టను తేలేం, అయిదు అక్షరాలు తేగలం

గుత్తికి దగ్గర్లో, తుగ్గలి మండలంలోని ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి 14 పెద్ద శిలాశాసనాలు, 2 చిన్న శిలాశాసనాలు ఒకే చోట ఉన్నాయి. పత్తికొండ దగ్గర రాజుల మండగిరిలో మరో చిన్న శాసనం ఉంది. తొలకరి పడగానే తుగ్గలి మండలంలోనే ఉన్న జొన్నగిరి చేలల్లో వజ్రాలకు తిరిగేవాళ్లు కోకొల్లలు, ఎర్రగుడి గుట్ట ఎక్కినవాళ్లు మాత్రం తక్కువ. ఆ గుట్ట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అనుమతి లేకుండా రాతి మీద కాగితం అద్ది నకలు తీయడం కుదరదు. కాబట్టి నకలు తీయడానికో రాయి తయారు చేయించాలి.

బేతంచెర్ల నాపరాయి ఇందుకు బాగుంటుంది. 2 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 2 అంగుళాల మందం. బరువు సుమారు 37 కిలోలు వస్తుంది, ఇద్దరు మోయాలి. పాలిష్ పట్టని ముఖం తీసుకోవాలి, నున్నటి రాతి మీద తడి కాగితం జారిపోతుంది. అక్షరం ఎత్తు 3 అంగుళాలు, లోతు 3 నుంచి 4 మిల్లీమీటర్లు, గాడి అంచులు ఏటవాలుగా లోపలికి దిగాలి. మిషను కోత వద్దనడానికి కారణం ఇదే. దాని అంచులు నిటారుగా ఉంటాయి, కాగితం సరిగ్గా అక్కడే చిరుగుతుంది. ఉలితో చెక్కే మేస్త్రీకి శాసనంలోని బ్రాహ్మీ లిపి తెలియక్కర్లేదు, కాగితం మీద సరైన కొలతతో గీసిస్తే చాలు.

చెక్కించింది ‘దేవానంపియ’ అన్న అయిదక్షరాలే. రాజు బిరుదు అది, దేవతలకు ఇష్టుడని. అయిదక్షరాల్లో బ్రాహ్మీ గుణింతం సగం దొరుకుతుంది. నిలువు గీత కింద అడ్డగీత గీస్తే ‘న’. సున్నా నెత్తిన నిలువు గీత పెడితే ‘వ’. ఆ ‘వ’ తలకు కుడివైపు చిన్న గీత లాగితే ‘వా’. ‘ద’ తలకు ఎడమవైపు లాగితే ‘దే’. పక్కన చుక్క పెడితే ‘నం’. పదేళ్ల పిల్లలు దీన్ని పెద్దవాళ్ల కంటే ముందే పట్టేస్తారు, వెంటనే తమ పేరు రాయమని కాగితం చాపుతారు. చేతిపని బల్ల దగ్గర బ్రాహ్మీ హల్లుల పటం ఒకటి తప్పకుండా ఉండాలి.

నకలు తీసే క్రమం ఇది. రాతిని మంచినీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడగాలి. సబ్బు వద్దు. పూత లేని, నీళ్లు పీల్చే మందపాటి కాగితం రాతి కంటే అన్నివైపులా 2 అంగుళాలు ఎక్కువగా కత్తిరించి, తడిపి, నీళ్లు కారిపోయాక పరచాలి. గట్టి కుచ్చు బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు కొట్టుకుంటూ పోవాలి. అంచుల నుంచి మొదలుపెడితే గాలి మధ్యలో చిక్కి బుడగ కడుతుంది, ఆ చోట అక్షరం పడదు. అప్పుడు ఆగాలి. జనం తొందరపెట్టేది ఇక్కడే. చేతి వెనకవైపు ఆనిస్తే చల్లగా తగలాలి, తడి అంటకూడదు. అదీ అదను. తడిగా ఉండగా సిరా అద్దితే అలుక్కుపోతుంది. పూర్తిగా ఆరనిస్తే కాగితం గాడుల్లోంచి పైకి లేస్తుంది. ఫ్యాన్ కింద అంచులు ముందు ఆరి విడిపోతాయి కాబట్టి ఆ బల్ల మీద ఫ్యాన్ ఆపాలి. దీపపు మసి, తుమ్మజిగురు నీళ్లు కలిపిన చిక్కటి సిరాను దూదిమూట మీద పట్టించి, ముందు చిత్తుకాగితం మీద రెండుసార్లు అద్ది, ఆ తర్వాతే రాతి మీది కాగితానికి తాకించాలి. పల్చటి పొరలు మూడు నాలుగు వేయాలి. ఒకేసారి నల్లగా కొడితే గాడిలోకీ సిరా దిగి అక్షరం పూడిపోతుంది. సరిగ్గా వస్తే నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు తేలతాయి.

ఇరవై నిమిషాల్లో ఇదంతా పూర్తికాదు. ఒక రాతి మీద కాగితం ఆరుతుంటే రెండో రాతి మీద సిరా పని నడవాలి. అంటే రెండు రాళ్లు చెక్కించాలి.

ప్రతి జట్టులోనూ వచ్చే ప్రశ్న ఒకటి: ‘అశోకుడి పేరు దీని మీద ఉందా?’ ఎర్రగుడిలో బిరుదే ఉంది. పేరు ఉన్న శాసనం కర్ణాటకలోని రాయచూరు జిల్లా మస్కిలో 1915లో దొరికింది. 1837లో ఆంగ్లేయ పండితుడు జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ చదివాక కూడా ఈ బిరుదు ఎవరిదన్న చర్చ సాగింది, మస్కి రాయి దాన్ని తేల్చింది. బళ్లారి వైపు నిట్టూరు, ఉడెగోళంలోనూ పేరు కనిపిస్తుంది. ఈ జవాబు వక్త నోట సిద్ధంగా ఉండాలి, మ్యాపు మీద మస్కి, ఎర్రగుడి రెండూ గుర్తుపెట్టి ఉండాలి. ఎర్రగుడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అలాంటి పంక్తినొకటి అచ్చువేసి పటాల బల్ల మీద పెడితే, అప్పుడే అక్షరాలు నేర్చినవాళ్లు ఎడమ నుంచి చదివి తికమకపడి, తామే దారి కనిపెడతారు. వక్త ముందే చెప్పేస్తే ఆ ముచ్చట పోతుంది.

వీరగల్లు: కింది నుంచి పైకి

వీరగల్లు ముందు ఏమీ చెప్పకుండా ఒక నిమిషం చూడనివ్వాలి. దాదాపు అందరి చూపూ పై గడి నుంచి కిందికి దిగుతుంది, దేవుడి పటం చూసే అలవాటు అది. గడులున్న వీరగల్లును చదవాల్సింది కింది నుంచి. అడుగు గడిలో పోరు: కత్తో విల్లో పట్టిన వీరుడు, పక్కన ఆవుల మంద, ఎదుట శత్రువులు. కొన్నింట్లో పులి, పంది. నడిమి గడిలో అప్సరసలు వీరుణ్ని చెరో చేయి పట్టి పైకి తీసుకుపోతుంటారు. పై గడిలో లింగం ముందో నందితో కలిసో చేతులు జోడించి కూర్చుని ఉంటాడు. నెత్తిన సూర్యచంద్రులు, అవి ఉన్నంతకాలం ఈ పేరు ఉంటుందని. పక్కనే మడిచి నిలబెట్టిన చేయి, ఆ చేతికి గాజులు కనిపిస్తే అది సతి గుర్తు. ఈ మాట చెప్పేటప్పుడు గొప్పతనం అంటగట్టకూడదు, ఈసడించకూడదు. ఏ సమాజం ఎందుకు చెక్కిందో చెప్పి ఆగాలి.

వెలుగే ఇక్కడ అసలు పనిముట్టు. పైకప్పు ట్యూబులైట్ల కింద అరిగిన వీరగల్లు చదునైన బండ. ట్యూబులైట్లన్నీ ఆర్పి, ఒకే ఒక ఫోకస్ టార్చిని రాతి ముఖానికి 15 డిగ్రీల వాలులో, మూడడుగుల దూరంలో, ఎడమ పైమూల నుంచి పట్టాలి. ఆవుల కాళ్లు, వీరుడి మొలనూలు, అరిగిపోయాయనుకున్న అక్షరాలు లేచొస్తాయి. కింది నుంచి పడితే మాత్రం బోల్తా. వెలుతురు పై నుంచే వస్తుందని మన కంటికి పుట్టుక నుంచీ అలవాటు, అందుకని కింది వెలుగులో లోపలికి చెక్కిన అక్షరం ఉబ్బినట్టు, ఉబ్బిన బొమ్మ గుంటపడినట్టు కనిపిస్తుంది. దీన్ని దాచకుండా చేసి చూపించడమే మంచిది. పదిహేను మందీ ఒక్కసారిగా ‘అరె’ అంటారు. ఆ వెంటనే పదిహేను ఫోన్ల లైట్లు వెలుగుతాయి, అన్ని వైపుల వెలుగుకు నీడలన్నీ చచ్చి రాయి మళ్లీ బండ అవుతుంది. ఫోన్ లైట్లు వద్దని గుమ్మం దగ్గరే చెప్పాలి.

సుద్ద పూయడం, పిండి అద్దడం, నూనె రాయడం, నీళ్లు చల్లడం ఏవీ కూడవు. సుద్ద రాతి రంధ్రాల్లో ఉండిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం, పూసినవాడి ఊహ అక్షరంగా నిలిచిపోతుంది. ఊళ్లలో శాసనాలకు తెల్లరంగు వేసి ఒక తప్పు చదువును తరాలకు అంటించిన రాళ్లు చాలానే ఉన్నాయి. మ్యూజియంలోకి వచ్చిన వీరగల్లుకూ కొందరు దండం పెడతారు. పెట్టనివ్వాలి. పూలు తెచ్చేవాళ్ల కోసం రెండడుగుల ఇవతల ఒక పళ్లెం ఉంచితే పసుపు కుంకుమ రాతి మీదికి పోవు.

సీమలో ఈ ప్రసంగానికి మరో జాగ్రత్త తప్పదు. వీరగల్లు కింద నిధి ఉంటుందన్న నమ్మకంతో రాత్రిళ్లు తవ్వి రాళ్లు పగలగొట్టే ముఠాలున్నాయి. కాబట్టి పొలాల్లో, చెరువు కట్టల మీద కాపలా లేకుండా ఉన్న రాళ్ల సర్వే నంబర్లు, మ్యాపు పిన్నులు ప్రసంగంలో గానీ కరపత్రంలో గానీ రాకూడదు. మండలం పేరుతో ఆపాలి. ‘దీని విలువెంత సార్?’ అన్న ప్రశ్నకు రూపాయల్లో జవాబు చెప్పకూడదు, సరదాకైనా సరే. ‘కింద ఏముంటుంది?’ అంటే ‘రాతి మొదలు, మట్టి’ అనాలి. అదే నిజం.

తోలుబొమ్మ

దీనికి జనం ఎటూ వస్తారు, కాబట్టి చెప్పాల్సింది తక్కువ. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట కళాకారుల బొమ్మలు మేకతోలువి. తోలును గీకి, వెలుగు అవతలికి పారేంత పల్చన చేసి, రంగులద్ది, ఉలులతో నగల చోట చిల్లులు కొడతారు. ఆడేది పాతకాలం ఆముదపు దీపాల ముందు, తెల్లటి పంచె తెర వెనక. ఆ దీపం స్థానంలో చల్లటి తెల్ల ఎల్ఈడీ పెడితే ఎరుపులు, నారింజలు చచ్చిపోతాయి. 2700 కెల్విన్ పసుపు వెలుగు బల్బు ఒక్కటి చాలు. రెండు బల్బులు పెడితే బొమ్మ తెరకు కాస్త దూరం జరగ్గానే అంచులు రెండుగా కనిపిస్తాయి.

ప్రదర్శనకు కళాకారులు తెచ్చుకున్న బొమ్మలే వాడాలి. మ్యూజియం సేకరణలోని పాత బొమ్మ తెరమీదికి రాకూడదు. రంగులద్దిన తోలుకు 50 లక్స్‌కు మించి వెలుగు పనికిరాదు, వేడికి అంచులు ముడుచుకుంటాయి, ఒకసారి ముడుచుకున్న తోలును సాగదీస్తే చిల్లుల దగ్గర చిరుగుతుంది. దాన్ని గాజుపెట్టెలో పడుకోబెట్టే చూపించాలి, వేలాడదీయకూడదు. ఇంకొక మాట. దేవతల బొమ్మలకు ఒకప్పుడు జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అది నేరం. ఎవరింటి పాత బొమ్మ ఏ తోలుదో నలుగురిలో అడగడం కళాకారుణ్ని ఇరకాటంలో పెట్టడమే. హాస్యపాత్రలు జుట్టుపోలిగాడు, బంగారక్క తెరమీదికొచ్చాక ఇక వివరణ ఆపెయ్యాలి. నవ్వుతున్న జనానికి ఉపన్యాసం ఎక్కదు.

చెంచులు: వస్తువు వాళ్లది, మాటా వాళ్లదే కావాలి

నాలుగో ప్రసంగమే అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా ఎక్కువ తయారీ కావాల్సింది. మామూలుగా జరిగేది తెలిసిందే. ప్రొఫెసరు చెంచుల గురించి మాట్లాడతాడు, చెంచులు చివర్లో విల్లు పట్టుకుని నిలబడితే ఫొటోలు తీస్తారు. ఇక్కడ దాన్ని తిరగేశారు. ఆత్మకూరు వైపు నల్లమల గూడేల నుంచి ముగ్గురు వక్తలు, వాళ్లలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ. ప్రొఫెసరు ప్రేక్షకుల్లో కూర్చున్నారు. ఒక్కరినే పిలిస్తే ఆ మనిషి మొత్తం జాతి తరఫున జవాబు చెప్పాల్సిన భారం మోస్తాడు. ముగ్గురుంటే ఒకరి మాటను ఒకరు సరిదిద్దుకుంటారు, అసలు సంగతులు ఆ సరిదిద్దుకోవడంలోనే బయటపడతాయి. దుబాసీ అక్కర్లేదు, వాళ్లు మాట్లాడేది తెలుగే.

ఒప్పందం నోటిమాటతోనే అయినా ముందు రోజుల్లో, గూడెంలో, అందరి ఎదుట జరగాలి. ప్రొఫెసరుకు ఇచ్చే పారితోషికం ఎంతో వీళ్లకూ తలా అంతే. అదే రోజు చేతికి నగదు. చెక్కు ఇస్తే దాన్ని మార్చుకోవడానికి మరో రోజు కూలి పోతుంది. రానూపోనూ బండి, భోజనం మ్యూజియానిదే. నల్లమలలోకి రాత్రి ప్రయాణం పెట్టకూడదు కాబట్టి ఈ ఒక్క ప్రసంగం ఉదయం పదిన్నరకు మార్చాలి, లేదా ఆ రాత్రి బస ముందే మాట్లాడుకోవాలి. తేదీ కూడా వాళ్ల పంచాంగం ప్రకారమే. ఎండాకాలపు తేనె రోజుల్లో పిలవకూడదు. సంక్రాంతి తర్వాత అహోబిలం నరసింహస్వామి పారువేటకు ఊళ్లు తిరిగే రోజుల్లో ఆ వైపు గూడేలవాళ్లకు తీరిక ఉండదు. చెంచులక్ష్మిని పెళ్లాడిన ఆ స్వామి వాళ్లకు ఇంటి అల్లుడు.

బల్ల మీద పెట్టింది అయిదే వస్తువులు: గడ్డలు తవ్వే కర్ర, విల్లంబులు, వెదురు బుట్ట, తేనె దించే తాడు, తపసి జిగురు ముద్ద. జిగురు ముద్ద అందరి చేతుల్లోనూ తిరిగింది. తపసి చెట్టు బెరడుకు గాటు ఎంత పెట్టాలి, ఎంత పెడితే చెట్టు చస్తుంది, శుభ్రమైన తెల్ల జిగురుకు, మట్టి అంటిన ఎర్ర జిగురుకు గిరిజన సహకార సంస్థ దగ్గర ధర ఎందుకు తేడా పడుతుంది. ఈ లెక్క వాళ్లు చెబుతుంటే హాల్లో వ్యాపారస్తులు కూడా చెవి ఒగ్గుతారు. అడవి మనుషులన్న మాట ఎవరి నోటా రాకపోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

ఏం అడగకూడదో ముందే రాసి పెట్టుకోవాలి. వేట గురించి వర్తమానంలో అడగకూడదు. నల్లమల పులుల అభయారణ్యం, నలుగురిలో నిజాయితీగా ఇచ్చిన జవాబు కేసు దాకా పోవచ్చు. విల్లు ఎలా చేస్తారు, నారి దేంతో పేనుతారు అని అడగొచ్చు. తేనె ఏ కొండచరియ మీద ఉంటుంది, ఏ మందుచెట్టు ఏ లోయలో దొరుకుతుంది అన్నవీ వద్దు. ఆ చోట్లే వాళ్ల ఆస్తి. ప్రేక్షకుల ప్రశ్నలు చీటీల మీద తీసుకుని, వక్తలకు ముందు చదివి వినిపించి, వాళ్లు సరేనన్నవే పైకి చదవాలి. ‘పచ్చి మాంసం తింటారా’ లాంటి చీటీలు వస్తాయి, బుట్టలోకి పోతాయి.

పరిచయం చేసేటప్పుడు పూర్తి పేరు, పక్కన గారు. ‘తాతా, నువ్వు చెప్పు’ అని ఆప్యాయంగా మొదలుపెట్టే యాంకరే ప్రేక్షకులకు నువ్వు అనే లైసెన్సు ఇచ్చేస్తాడు. ప్రభుత్వ జాబితాలో చెంచులు ప్రత్యేకించి దుర్బలమైన గిరిజన సమూహాల్లో (పీవీటీజీ) ఉన్నారు. పథకాల విషయానికి ఆ మాట అవసరం, పరిచయంలో అనవసరం. 1940 ప్రాంతంలో మానవశాస్త్రవేత్తలు తీసిన చెంచుల ఫొటోలు తెర మీద వేయాలనుకుంటే ముందు వక్తలకు విడిగా చూపించాలి. వాళ్లు వద్దన్నవి తీసేయాలి. రికార్డింగు కాపీ ఒకటి ఫోన్లో కాకుండా పెన్‌డ్రైవ్‌లో గూడేనికి వెళ్లాలి, అక్కడి బడిలో ఉంచేలా.

తర్వాతి పని

ప్రసంగం పనిచేసిందా లేదా అన్నది కుర్చీల లెక్కతో తేలదు. ఇంటికి పోయాక ‘మా ఊళ్లోనూ ఒక రాయి ఉంది’ అని ఎంతమంది తిరిగొస్తారన్నదే కొలత. వీరగల్లు తర్వాత ఇలాంటి కబుర్లు మొదలవుతాయి. అందుకు గుమ్మం దగ్గర ఒక రిజిస్టరు ఉండాలి: తేదీ, ఊరు, మండలం, రాయి ఎక్కడుంది, పూజలో ఉందా, చెప్పినవాళ్ల పేరు. ఫొటో ఎలా తీయాలో ఒక కార్డు అచ్చువేసి చేతికివ్వాలి: పొద్దున ఎనిమిదిలోపో సాయంత్రం అయిదు తర్వాతో, పక్కవాటు ఎండలో, రాతి పక్కన కొలతకు ఒక పెన్ను పెట్టి, మొత్తం రాయి ఒకటి, ఒక్కో గడి ఒక్కొక్కటి. ఫోన్లో లొకేషన్ ఆపేయాలి, లేకపోతే ఆ ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి నిధి ముఠాలకు దారి చూపిస్తుంది. రాతిని కదిలించొద్దు, కడగొద్దు, మ్యూజియానికి మోసుకురావద్దు. చోటు మారిన వీరగల్లు ఏ ఊరి గొడవను, ఏ దారిని చెబుతుందో ఇక చెప్పలేదు.

దున్నేటప్పుడు నాణేలో విగ్రహమో బయటపడితే సంగతి వేరు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన విలువున్న ఏ పాతరనైనా కలెక్టరుకు తెలియజేయాలి. రైతు ముందు తహసీల్దారు దగ్గరికి పోయి రసీదు తీసుకోవాలి. మ్యూజియం సిబ్బంది ఆ వస్తువును చేత్తో అందుకోకూడదు, చూస్తామని ఒక రాత్రి ఉంచుకోకూడదు. రిజిస్టరులో రాసుకుని, ఫొటో తీసి, రైతును అదే రోజు తహసీల్దారు కార్యాలయానికి పంపాలి. వెంట ఒక మనిషిని ఇచ్చి పంపితే మేలు, ఒంటరిగా పోయిన రైతు సగం దారిలోంచే వెనక్కి తిరిగే అవకాశం ఎక్కువ.